కుక్కలకు పచ్చి మాంసం: పాతబస్తీ నుంచి గొర్రెల మంద దాకా

పెంపుడు కుక్కకు వండిన ఆహారం పెట్టడం ప్రకృతి విరుద్ధమనీ, తోడేలు సంతతికి చెందిన ఆ జంతువుకు పచ్చి మాంసం, పచ్చి ఎముకలు, వీలైతే కోడినో కౌజుపిట్టనో కుందేలునో పేగులతో సహా మొత్తంగా వేయడమే సరైన పోషణ అనీ ఒక వాదం గత మూడు దశాబ్దాలుగా పాశ్చాత్య దేశాలలో బలపడి, ఇప్పుడు హైదరాబాద్ వంటి నగరాలకు చేరింది. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో ప్రచురించిన 'గివ్ యువర్ డాగ్ ఎ బోన్' అనే పుస్తకంతో దీనికి విస్తృత ప్రచారం లభించింది. అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే పచ్చి మాంసాహారాన్ని ప్రోత్సహించరాదని తీర్మానించినా ఆదరణ తగ్గలేదు. ఈ చర్చ ఇంతవరకు కుక్క యజమానికీ పశువైద్యునికీ మధ్య జరిగే సొంత వ్యవహారంగానే సాగింది. వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తలు దానిని తమది కాని విషయంగా పక్కన పెట్టారు. అలా పక్కన పెట్టడం సరికాదు. కుక్క తినే పచ్చి మాంసం గొర్రెల మందకు, పశుగ్రాసానికి, ఆకుకూరల మడికి, చివరకు మనిషి కాలేయానికి సంబంధించినది.

ఈ వాదం పాతబస్తీకి కొత్తదే గాని ఆచరణ కొత్తది కాదు. పురానాపూల్ దాపున ఉన్న జియాగూడ గొర్రెల మండీ, రాంనాస్‌పురా, గౌలిపురా కబేళాలు, సందు సందునా వెలసిన మటన్, చికెన్ దుకాణాల చుట్టూ బతికే కుక్కలు తరతరాలుగా పచ్చి మాంసమే తింటున్నాయి. చార్మినార్ సమీపంలోని ముర్గీ చౌక్‌లో బతికిన కోడిని కొని తన జాతికుక్కకు వేసే యజమానికీ, దుకాణం కట్టేసే వేళ అమ్ముడుపోని ఊపిరితిత్తిని గుమ్మం ముందున్న వీధికుక్కకు విసిరే వ్యాపారికీ ఆర్థిక స్థితిలో భేదం ఉన్నది. జీవశాస్త్రం దృష్టిలో ఇద్దరూ చేసే పని ఒక్కటే. మొదటివారు దానికి ఒక సిద్ధాంతాన్ని జోడించారు, అంతే.

పచ్చి ఆహార సమర్థకుల మాటలలో నిజం లేకపోలేదు. ఇక్కడి ఇళ్లలో కుక్కకు పెట్టేది ఎక్కువగా అన్నం, పెరుగు, మిగిలిన చారు. ఎదిగే కుక్కపిల్లకు ఇందులో మాంసకృత్తులు చాలవు. ఎముక లేని మాంసం ఒక్కటే పెట్టినా చిక్కే, ఎందుకంటే అందులో కాల్షియం కంటే భాస్వరం పదిహేను ఇరవై రెట్లు అధికంగా ఉంటుంది. పెరిగే పిల్లకు కాల్షియం కనీసం భాస్వరంతో సమానంగానైనా ఉండాలి, లేకపోతే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర పోతాయి. ఒక చిన్న జంతువును ఎముకలతో సహా మొత్తంగా తిన్నపుడు ఈ నిష్పత్తి దానంతట అదే సరిపోతుందని వారు చెప్పేది వాస్తవం. బస్తాలలో అమ్మే తయారీ ఆహారం ఖరీదు సామాన్యునికి అందదన్నదీ వాస్తవమే.

అయితే కుక్క తోడేలు కాదు. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2013లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ ఎంజైమ్‌కు కారణమైన జన్యువు తోడేళ్లలో రెండు ప్రతులుగా ఉంటే, కుక్కలలో నాలుగు నుంచి ముప్పై వరకు కనిపించింది. 2016లో వచ్చిన మరో పరిశోధన, ఈ ప్రతుల సంఖ్య ప్రాచీన వ్యవసాయం విస్తరించిన ప్రాంతాల కుక్కలలో ఎక్కువగానూ, సేద్యం చేరని చోట్ల రూపొందిన డింగో, హస్కీ వంటి జాతులలో తక్కువగానూ ఉన్నదని చూపింది. పంటల శాస్త్రం చదివినవారికి ఇంతకంటే ఆసక్తికరమైన సంగతి అరుదు. గోధుమ, వరి, జొన్నల వలెనే కుక్క కూడా సేద్యంతో పాటు మారిన జీవి. దక్కన్ పీఠభూమిలో గొల్లకురుమల మందల వెంట తిరిగిన కుక్క జొన్న గటక, రొట్టె ముక్క, మజ్జిగ తిని తోడేళ్లను తరిమింది. ధాన్యం దాని పొట్టకు పరాయిది కాదు.

పళ్ల గురించీ పేగుల గురించీ జరిగే ఈ వాదం కంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. పాతబస్తీలో కుక్కకు అందే పచ్చి మాంసం ఎక్కడి నుంచి, ఏ స్థితిలో వస్తున్నది? ఇక్కడి కుక్కలలో అత్యధిక భాగానికి దక్కేది పుస్తకాలలో వర్ణించిన సంపూర్ణ జంతువు కాదు. మనుషులు వద్దన్న భాగాలే వాటికి దక్కుతాయి. కలేజీ, గుర్దా, తలకాయ, పాయ, బోటీ అన్నీ హైదరాబాదీ వంటలో గౌరవంగా అమ్ముడుపోతాయి. మిగిలేవి ఊపిరితిత్తులు, పేగు చివరలు, ఎవరూ కొనని కాలేయపు ముక్కలు. కాలేయానికి పాతబస్తీలో ఎప్పుడూ గిరాకీ ఉండగా ఒక ముక్క ఎందుకు మిగిలింది? దానిపై తెల్లని నీటి బుడగ కనిపించింది గనుక. కబేళాలో పశువైద్యుడు తనిఖీ చేసి తిరస్కరించినా, దుకాణంలో వ్యాపారి తన అనుభవంతో కోసి పక్కన పడేసినా, ఆ ముక్క చేరేది తరచు కుక్క నోటికే. మనిషిని కాపాడటానికి తీసివేసిన భాగమే, ఏ జంతువు నోటికి చేరకూడదో ఆ జంతువు నోటికే చేరుతున్నది.

ఆ నీటి బుడగ హైడాటిడ్ తిత్తి. అందులో ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్ అనే బద్దెపురుగు పిల్ల దశలో ఉంటుంది. గొర్రె, మేక, గేదెల కాలేయంలోనూ ఊపిరితిత్తులలోనూ అది పెరుగుతుంది. కుక్క ఆ తిత్తిని పచ్చిగా తింటే, అందులోని వేలకొద్దీ పిల్ల పురుగులు దాని చిన్న పేగుకు అతుక్కుని, ఆరేడు వారాలలో గుడ్లు విడుదల చేయడం మొదలుపెడతాయి. పెద్ద పురుగు పొడవు అర సెంటీమీటరు దాటడం అరుదు. కుక్క చిక్కదు, దగ్గదు, విరేచనాలు చేసుకోదు. పచ్చి మాంసం తిన్న తమ కుక్క బొచ్చు నిగనిగలాడుతున్నదని చెప్పే యజమాని మాటను కాదనవలసిన పని లేదు. ఈ పురుగున్న కుక్క బొచ్చు కూడా నిగనిగలాడుతూనే ఉండవచ్చు.

గుడ్లు మలంతో బయటికి వచ్చి గడ్డి మీద, నేల మీద, కుక్క ఒంటి మీద చేరతాయి. గడ్డితో గొర్రెకూ, ఆకుకూరతోనో కుక్కను నిమిరిన చేతితోనో మనిషికీ సోకుతాయి. మనిషిలో తిత్తి ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పెరిగి, కాలేయం ఉబ్బినపుడో ఊపిరితిత్తిలో పగిలినపుడో బయటపడుతుంది. అప్పటికి శస్త్రచికిత్స తప్పకపోవచ్చు. ఇది తెలుగు నేలకు పరిచయం లేని వ్యాధి కాదు. కర్నూలులో దీని వ్యాప్తి తీరుపై జరిపిన అధ్యయనం 1968లోనే 'ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్'లో వెలువడింది. నాటి నుంచి దేశంలో ఈ వ్యాధి ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో ఆంధ్ర ప్రాంతాన్ని పేర్కొనడం వైద్య గ్రంథాలకు మామూలైంది. గొర్రె, కుక్క, పేద గొర్రెలకాపరి ఒకే చోట బతికే నేలలో అది ఆశ్చర్యం కాదు.

హైదరాబాద్ విషయంలో వ్యవసాయ శాస్త్రవేత్త గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉన్నది. ఈ గుడ్లకు ఎండ, పొడి వాతావరణం ప్రాణాంతకం, తేమ, నీడ మేలు. మే నెలలో బండరాతి నేల మీద పడిన గుడ్డు ఎక్కువ కాలం నిలవదు. మూసీ పొడవునా నగరపు మురుగునీటితో ఏడాది పొడవునా పారే పారాగడ్డి చేలలోనూ ఆకుకూరల మడులలోనూ దానికి ఆ కష్టం లేదు. ఆ గడ్డి నగరంలోని పాడి గేదెలకు వెళ్తుంది, ఆ కూర వంటింటికి వెళ్తుంది. మురుగునీటి సేద్యంపై భారలోహాల దృష్టితో జరిగినన్ని పరిశోధనలు, గట్ల మీద తిరిగే కుక్కల దృష్టితో జరగలేదన్నది ఈ రంగంలోనివారు ఒప్పుకోవలసిన మాట.

హైడాటిడ్ ఒక్కటే కాదు. గొర్రె మెదడులోని తిత్తిని కుక్క తింటే మరో బద్దెపురుగు తయారై, తిరిగి మందలోని జీవాలు తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతూ చనిపోయే జబ్బు వస్తుంది. కుక్కల ద్వారా సోకే నియోస్పోరా ఆవులలో ఈచుకుపోవడానికి కారణమవుతుంది. 2019 పశుగణనలో 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంతో మందలు పెరిగాయి. మందతో పాటు మంద కుక్క కూడా ఉంటుందన్న సంగతికి మాత్రం విస్తరణ కరపత్రాలలో చోటు తక్కువ. గొర్రెకు ఏ నెలలో ఏ నట్టల మందు పోయాలో వివరించే పట్టికలో చివర ఒక వరుస కుక్కకు కేటాయించడానికి ఖర్చేమీ కాదు.

పండుగల సంగతి మొహమాటం లేకుండా చెప్పుకోవలసినదే. బక్రీద్ మూడు రోజులలోనూ, ఆషాఢ బోనాల వేళలోనూ పాతబస్తీలో కబేళాల బయట, ఇళ్ల ముంగిళ్లలో, గుడుల పరిసరాలలో జీవాలను కోయడం మామూలు. ఆ రోజులలో తనిఖీ అందరికీ అందదు, వ్యర్థాలు ఒక్కసారిగా పేరుకుంటాయి. ఏ ఒక్క సమాజాన్నో వేలెత్తి చూపే వారు మరచిపోయేదేమిటంటే, పురుగుకు ఈద్‌గాకూ లాల్‌దర్వాజకూ తేడా తెలియదు. బక్రీద్‌కు నగరపాలక సంస్థ ఇంటింటికీ సంచులు పంచి, వాహనాలు పంపి వ్యర్థాలను తరలించడం మంచి పద్ధతి. దానిని అన్ని పండుగలకూ, మామూలు ఆదివారాలకూ విస్తరింపజేయాలి. హైదరాబాద్‌లో ఆదివారం మాంసం కోత ఒక చిన్న పండుగకు తక్కువేమీ కాదు.

కోడి మాంసం విషయంలో ప్రమాదం మరో రూపంలో ఉన్నది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలో హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయింది. మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప అదే వైరస్‌తో మరణించింది. ఇంట్లో కోడిమాంసం శుభ్రం చేస్తున్నపుడు ఒక పచ్చి ముక్క తిన్నదని కుటుంబం చెప్పినట్లు పత్రికలు రాశాయి. థాయ్‌లాండ్‌లో 2004లో వ్యాధి సోకిన బాతు కళేబరం తిన్న ఒక కుక్క ఇదే వైరస్‌తో చనిపోయింది. కుక్కలకు ఇది తరచుగా సోకే వ్యాధి కాదు, అనవసర భయం పనికిరాదు. కాని పచ్చి కోడి వేసే ఇంట్లో నేల మీద పాకే పిల్లలున్నపుడు, కుక్క గిన్నె ఆ నేల మీదే ఉంటుంది. వైరస్ లేని రోజున కూడా సాల్మొనెల్లా ఉండనే ఉంటుంది.

గడ్డకట్టించిన మాంసం సురక్షితమని సమర్థకుల సమాధానం. తగినంత చల్లదనంలో తగినన్ని రోజులు ఉంచితే తిత్తులలోని పిల్ల పురుగులు చస్తాయన్నది నిజమే. బాక్టీరియా, వైరస్‌లు ఆ చలిలో నిద్రపోతాయే గాని చావవు. పైగా వంటింటి ఫ్రిజ్ తలుపు రోజుకు ఇరవై సార్లు తెరుచుకునే చోట, కరెంటు పోయి వచ్చే చోట, పరిశోధనాగారపు ఉష్ణోగ్రతలను ఊహించుకోవడం ఆత్మవంచన. నెహ్రూ జంతుప్రదర్శనశాలలో పులులకు, సింహాలకు పచ్చి మాంసమే వేస్తారు కదా అని అడిగేవారు ఉన్నారు. బహదూర్‌పురా దగ్గరున్న ఆ ప్రదర్శనశాలలో పులి వెనుక పశువైద్యులు, మాంసం తనిఖీ, కంచె, మలాన్ని వేరుగా తొలగించే ఏర్పాటు ఉన్నాయి. ఆ పులి సాయంత్రం ఇంటికి వచ్చి పిల్లల పక్కన పడుకోదు.

ఇటువంటి వ్యాధిని ఒక దేశం ఎలా వదిలించుకున్నదో చూస్తే విస్తరణ శాస్త్రవేత్తకు తన వృత్తిపై గౌరవం పెరుగుతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో ఐస్‌లాండ్ ప్రజలను హైడాటిడ్ వ్యాధి పీడించింది. 1863లో హారల్డ్ క్రాబ్బె అనే డెన్మార్క్ శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి వంద కుక్కలను పరీక్షించగా ఇరవై ఎనిమిదింటిలో ఈ పురుగు కనిపించింది. మరుసటి సంవత్సరం ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని స్థానిక భాషలో అచ్చువేసి ఇంటింటికీ ఉచితంగా పంచారు. తిత్తులున్న అవయవాలను కుక్కకు వేయవద్దు, కాల్చండి లేదా పాతిపెట్టండి అన్నది అందులోని ముఖ్యమైన మాట. 1890లో చట్టం వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి కొత్తగా వ్యాధి సోకడం దాదాపు ఆగిపోయింది. గొర్రెలను ముదరకముందే, తిత్తులు పెరగకముందే కోసే అలవాటు రావడం కూడా ఇందుకు తోడ్పడిందని చెబుతారు, ఆ మాటనూ విస్మరించరాదు. న్యూజిలాండ్ మరింత ఆలస్యంగా, 1959 నాటి చట్టంతో మొదలుపెట్టి అదే దారిలో నడిచింది. చదువుకున్న ఇంటికి చేరిన ఒక చిన్న పుస్తకం చేసిన పని అక్కడ మందు చేయలేదు, ఎందుకంటే అప్పటికి సరైన మందు లేదు.

ఇప్పుడు మందు ఉన్నది. ప్రాజిక్వాంటెల్‌ను కుక్క కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే పేగులోని పురుగులు చస్తాయి. ఊళ్లో దొరికే ప్రతి నట్టల మందూ ఈ పురుగుపై పనిచేయదు గనుక పేరు చూసి ఇప్పించాలి. మందు గుడ్లను చంపదు, కాబట్టి తరువాతి రెండు మూడు రోజుల మలాన్ని కాల్చాలి లేదా లోతుగా పాతాలి. ఆ తరువాత అదే కుక్క మళ్లీ పచ్చి కాలేయం తింటే ఆరేడు వారాలలో కథ మొదటికి వస్తుంది. మందు ఖర్చు వృథా కాకుండా ఆపగలిగేది పొయ్యి ఒక్కటే. ముక్కలుగా కోసిన అవయవాలను మరిగే నీటిలో అరగంట ఉడికిస్తే తిత్తి భయం ఉండదు.

అలా ఉడికించిన కోడి తలలు, కందనకాయలు, కాలేయం, మటన్ దుకాణంలో మిగిలిన ఊపిరితిత్తులు మంచి మాంసకృత్తులు. వాటికి నూకలనో జొన్న రవ్వనో కొర్రలనో మెత్తగా వండి కలపవచ్చు. ఉడికిన ఎముక విరిగి పేగుకు గుచ్చుకుంటుంది కనుక తీసివేయాలి. ఆ లోటుకు ఎండబెట్టి మెత్తగా దంచిన కోడిగుడ్డు పెంకు పొడి ఉన్నది. ఐదు గ్రాముల పొడిలో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. కాలేయం మితంగానే పెట్టాలి, మితిమీరితే విటమిన్ ఎ విషమవుతుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి గనుక మిగిలిపోయిన బిర్యానీని ప్రేమతో పెట్టడం పాతబస్తీ కుక్కకు చేసే మేలు కాదు.

వీధికుక్కల విషయంలో దేశంలో పెద్ద చర్చే జరిగింది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు కుక్కల దాడిలో మరణించిన తరువాత, మాంసం వ్యర్థాలను రోడ్ల మీద వేయడం ఆపాలని అధికారులు ఆదేశించారు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వార్డువారీగా కుక్కలకు ఆహారం పెట్టే స్థలాలు ఏర్పాటు చేయాలని చెప్పింది. ఎక్కడ పెట్టాలన్నది తేలింది. ఏమి పెట్టాలన్నది మాత్రం ఎవరూ అడగలేదు. నిర్ణీత స్థలంలో రోజూ పచ్చి పేగులు పోస్తే, ఇంతవరకు చెదురుమదురుగా ఉన్న గుడ్లు ఒకే చోట పేరుకుంటాయి. అక్కడ ఉడికించినది మాత్రమే పెట్టాలన్న ఒక్క నిబంధన చేర్చడం నగరపాలక సంస్థకు కష్టం కాదు.

వంటచెరకు ఎవరిస్తారన్న ప్రశ్న న్యాయమైనదే. రోజంతా నిలబడి పనిచేసే దుకాణందారు కుక్కల కోసం గ్యాస్ కాల్చడు, కాల్చమని అడగడం కూడా తగదు. కబేళాలో ప్రతిరోజూ జీవాల పొట్టల నుంచి వచ్చే సగం జీర్ణమైన మేత బయోగ్యాస్‌కు మంచి ముడిసరుకు. ఒక చిన్న గ్యాస్ ప్లాంటు, దాని పక్కన ఒక పెద్ద కాగు పెడితే తిరస్కరించిన అవయవాలు అక్కడే ఉడికి బయటికి వస్తాయి, మిగిలిన మడ్డి ఎరువుగా పనికివస్తుంది. చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థ, రాజేంద్రనగర్‌లోని పశువైద్య, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కలిసి చేయదగిన పని ఇది. ఒకప్పుడు ఒకే విశ్వవిద్యాలయంలో భాగాలుగా ఉన్న ఈ రెండు శాస్త్రాలు పరిపాలన కోసం విడిపోయాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో పశువైద్య విశ్వవిద్యాలయం వేరుపడింది, 2014 తరువాత తెలంగాణకు సొంత పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. కుక్క పశువైద్యుని వాటాకు, గడ్డి వ్యవసాయవేత్త వాటాకు వెళ్లాయి. ఆ రెండింటి మధ్య తిరిగే గుడ్డు ఎవరి వాటాకూ రాలేదు.

విద్యార్థులు మొదలుపెట్టదగిన పని ఒకటి ఉన్నది. జియాగూడ మండీకి వచ్చే ప్రతి లారీ ఏ జిల్లా నుంచి, ఏ సంత నుంచి వచ్చిందో అక్కడి దళారులకు తెలుసు. ఏ రోజు ఎన్ని కాలేయాలలో తిత్తులు కనిపించాయో కబేళా పశువైద్యునికి తెలుసు. ఈ రెండు సమాచారాలనూ ఒక సంవత్సరం పాటు పక్కపక్కన రాస్తే, ఏ మండలాల మందలలో కుక్కకు ముందుగా మందు వేయాలో, ఏ ఊళ్లలో కరపత్రం ముందుగా పంచాలో తేలిపోతుంది. దానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక దస్త్రం, కోత మొదలయ్యే తెల్లవారుజామున కబేళాకు చేరుకోగల ఇద్దరు విద్యార్థులు, వారిలో ఒకరు పశువైద్య కళాశాల నుంచి, మరొకరు వ్యవసాయ కళాశాల నుంచి ఉంటే చాలు.